కల్నల్ గారి బ్యాటు

సరిహద్దు జిల్లా చరిత్ర ధారావాహిక

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. ఆ రోజే బళ్లారి జిల్లా రెండుగా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, తక్కినవి మైసూరుకు వెళ్లాయి. బళ్లారి తాలూకా ఎవరిదో తేల్చడానికి జస్టిస్ ఎల్.ఎస్. మిశ్రా ప్రత్యేకంగా విచారణ జరపవలసి వచ్చింది. చివరికి అదీ మైసూరు వైపే పోయింది. ఒకే ఇంట్లో తెలుగు, కన్నడం రెండూ మాట్లాడుకునే కుటుంబాలు ఆ ఏడాది పొద్దున్నే లేచి తాము ఏ రాష్ట్రంలో ఉన్నామో తెలుసుకోవలసి వచ్చింది.

కొత్త రాష్ట్రానికి ఆ సంవత్సరమే ఒక క్రికెట్ జట్టు కూడా సమకూరింది. 1953-54 సీజన్లో ఆంధ్ర మొదటిసారి రంజీ ట్రోఫీ బరిలో దిగింది. ఆ జట్టుకు నాయకత్వం వహించిన మనిషి ఆంధ్ర నేల మీద పుట్టినవాడు కాదు. పుట్టింది నాగపూరులో, ఉద్యోగం చేసింది ఇండోర్‌లో. అప్పటికి ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. ఆ వయసు ఆటగాళ్లు సాధారణంగా పెవిలియన్‌లో కూర్చుని కుర్రవాళ్లకు సలహాలు చెబుతుంటారు. ఈయన మాత్రం ప్యాడ్లు కట్టుకుని మైదానంలోకి నడిచాడు. పేరు కొఠారి కనకయ్య నాయుడు. లోకానికి సి.కె. నాయుడు. తోటి ఆటగాళ్లకు కల్నల్.

ఆ కల్నల్ హోదా ఎక్కడిది? ఏ యుద్ధంలో వచ్చింది? ఈ వారం కథ ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

బందరు నుంచి నాగపూరు దాకా

కొఠారి వారి మూలాలు మచిలీపట్నం ప్రాంతంలో ఉన్నాయి. తూర్పు తీరంలో విదేశీ కంపెనీల వ్యాపారం సాగిన రోజుల్లో రెండు మూడు భాషలు వచ్చిన తెలుగువాళ్లకు గిరాకీ ఉండేది. దొరలకూ దేశీయ ప్రభువులకూ నడుమ మాట నడిపే దుబాసీ కొలువు ఒక కుటుంబాన్ని ఒక తరంలోనే ఎక్కడి నుంచి ఎక్కడికో చేర్చేది. కొఠారి వారు అలాగే నిజాం కొలువుకు, అక్కడి నుంచి ఔరంగాబాదుకు, ఆఖరికి నాగపూరుకు చేరారు. కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలను నిజాం 1800లో కంపెనీకి దత్తం చేసిన తరువాత కలెక్టరు మన్రో కచేరీల్లో రాయసకాళ్లుగా, దుబాసీలుగా కుదురుకున్న కుటుంబాల చరిత్ర ఎరిగిన బళ్లారి పాఠకులకు ఈ ప్రయాణం వింతగా తోచదు.

కనకయ్య తాతగారు నారాయణస్వామి నాయుడు నాగపూరులో పేరున్న వకీలు, భూస్వామి. 1891లో కాంగ్రెస్ మహాసభ నాగపూరులో జరిగినప్పుడు ఆహ్వాన సంఘానికి అధ్యక్షుడు ఆయనే. ఆ సభకు అధ్యక్షత వహించిన పనప్పాకం ఆనందాచార్యులు కూడా తెలుగువాడే. మరాఠీ, హిందీ వినిపించే ఊళ్లో జరిగిన జాతీయ సభకు పిలిచినవాడూ తెలుగువాడు, పీఠం మీద కూర్చున్నవాడూ తెలుగువాడు. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు కేంబ్రిడ్జిలో చదివి వచ్చి న్యాయవాద వృత్తి చేపట్టాడు. ఇంగ్లండు నుంచి తెచ్చిన చదువుతో పాటు క్రికెట్ మీద మోజు కూడా ఆ ఇంటికి వచ్చింది.

1895 అక్టోబరు 31న పుట్టిన కనకయ్య నాగపూరు హిస్లాప్ బడిలో చదివే రోజుల్లోనే జట్టుకు నాయకుడయ్యాడు. పొడగరి. నిటారైన నడక, తక్కువ మాట. తరువాతి కాలంలో జనం ఆయనలో చూసిన సైనికుడి వాలకం సైన్యం నేర్పింది కాదు, యూనిఫాం తొడుక్కోక ముందు నుంచే ఆయనకు ఉంది.

మొదటి పరుగులే సిక్సరు

ఆ రోజుల్లో దేశంలో అన్నిటికన్నా పెద్ద పోటీ బొంబాయి చతుర్ముఖ పోటీ. జట్లు ఊళ్ల పేరిట ఉండేవి కావు, మతాల పేరిట ఉండేవి: యూరోపియన్లు, హిందువులు, పార్సీలు, ముస్లిములు. 1916లో హిందువుల జట్టు తరఫున యూరోపియన్ల మీద ఆడటానికి నాగపూరు కుర్రవాణ్ని పిలిచారు. జట్టు స్కోరు 79 పరుగులకు ఏడు వికెట్లు. అంతటి గండంలో తొమ్మిదో వాడిగా దిగాడు. మొదటి మూడు బంతులు నెమ్మదిగా ఆపాడు. నాలుగోది సిక్సరు కొట్టాడు. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో ఆయన ఖాతా తెరిచింది ఆ దెబ్బతోనే.

అప్పటి క్రికెట్ నీతి వేరు. బంతిని నేల మీదే పంపాలి, గాలిలోకి లేపడం మోటుతనం అని బోధించే కాలం. పైగా ఎదుట బంతి వేస్తున్నవాడు పాలకుల జాతివాడు. కలెక్టరు బంగళా ముందు చెప్పులు విడిచి నిలబడటం అలవాటైన జనానికి, దొర వేసిన బంతి దొరల క్లబ్బు కప్పు మీద పడటం చూస్తే కలిగే సంబరం పరుగుల లెక్కలకు అందదు. నాయుడు ఏనాడూ రాజకీయ ఉపన్యాసం చేయలేదు. ఆయన ఆటను జనం తమకు కావలసినట్టు చదువుకున్నారు.

యూనిఫాం కథ

ఆటలో పేరు వచ్చింది. పొట్ట గడిచేదెలా? ఇంగ్లండులో ఆ రోజుల్లో డబ్బు తీసుకుని ఆడేవాళ్లను ప్రొఫెషనల్స్ అని విడిగా లెక్కించేవారు. పెద్దమనుషులకు ఒక గేటు, వాళ్లకు వేరొక గేటు. మన దేశంలో అలాంటి వృత్తి కూడా లేదు. ప్రతిభకు పెట్టింది పేరైన పల్వంకర్ బాలూ అంతటివాడు రైల్వే నౌకరీ చేసుకుంటూ ఆడాడు. మిగిలిన దారి ఒక్కటే, సంస్థానాధీశుల ఆశ్రయం.

1923లో ఇండోర్ మహారాజు మూడో తుకోజీరావు హోల్కర్ నాయుణ్ని తన సంస్థానానికి పిలిపించుకున్నాడు. హోల్కర్ సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చాడు. ఆ హోదాయే పెరిగి కల్నల్ అయింది. పటియాలా, నవానగర్, హోల్కర్, బరోడా అన్నిచోట్లా ఇదే పద్ధతి. బ్రిటిష్ వారి నీడన సంస్థానాలు సొంత సేనలు ఉంచుకునేవి. సొంతంగా యుద్ధం ప్రకటించే అధికారం మాత్రం వాటికి లేదు. అందువల్ల ఆ సేనల్లో అధికారి పదవులు కొన్ని గౌరవానికి గుర్తులుగా, కొన్ని నచ్చినవాళ్లకు జీతం ఇచ్చే మార్గాలుగా మిగిలాయి. పూర్వం రాజులు కవికి అగ్రహారం ఇచ్చినట్టు ఈ రాజులు బ్యాట్స్‌మన్‌కు కెప్టెన్ పదవి ఇచ్చారు.

హోల్కర్ జట్టు పేర్లు చదివితే ఇది ఇంకా తేటపడుతుంది. కల్నల్ నాయుడు, మేజర్ జగ్దాలే, కెప్టెన్ ముష్తాక్ అలీ. చూడటానికి అది పటాలం హాజరుపట్టీ. నిజానికి దేశంలోకెల్లా బలమైన బ్యాటింగ్ వరుసల్లో ఒకటి.

ఆశ్రయానికి ఒక ప్రమాదం ఉంది. ఆశ్రయమిచ్చినవాడి గద్దె కదిలితే ఆశ్రితుడి బతుకూ కదులుతుంది. 1925 జనవరిలో బొంబాయి మలబారు హిల్‌లో బావ్లా అనే వర్తకుణ్ని హత్య చేశారు. ఇండోర్ దర్బారు నుంచి తప్పించుకుని వచ్చిన ముంతాజ్ బేగం కోసం జరిగిన ఆ దాడి జాడలు మహారాజు కొలువు దాకా వెళ్లాయి. విచారణ సంఘాన్ని ఎదుర్కోవడం కన్నా గద్దె దిగడం మేలని 1926లో తుకోజీరావు తప్పుకున్నాడు. కొడుకు యశ్వంతరావు వచ్చాడు. రాజు మారినా నాయుడు కొలువు చెక్కుచెదరలేదు. కారణం అదే సంవత్సరం చివర్లో బొంబాయిలో దొరుకుతుంది.

డిసెంబరు 1, 1926

ఆర్థర్ గిలిగన్ నాయకత్వంలో ఇంగ్లండు నుంచి ఎం.సి.సి. జట్టు వచ్చింది. బొంబాయి జింఖానా మైదానంలో హిందువులతో మ్యాచ్. ఎం.సి.సి. 363 పరుగులు చేసింది. అందులో గై ఎర్ల్ ఎనిమిది సిక్సర్లతో కొట్టినవే 130. ఇంతకన్నా వేడుక ఉండదని బొంబాయి జనం అనుకున్నారు.

మరునాడు నాయుడు బ్యాటు పట్టాడు. 116 నిమిషాల్లో 153 పరుగులు. 13 ఫోర్లు, 11 సిక్సర్లు. ఆట సాగుతుంటే కచేరీల నుంచి, అంగళ్ల నుంచి జనం మైదానం వైపు పరుగెత్తారు. చుట్టూ ఉన్న చెట్లు, మిద్దెలు నిండిపోయాయి. బంతి జింఖానా కప్పు మీద పడిన ప్రతిసారీ కేకలు. ఆ జింఖానాలో సభ్యత్వం తెల్లవారికే. బంతికి మాత్రం ఆ నియమం వర్తించలేదు. ఎం.సి.సి. వారు మెచ్చి ఆయనకు వెండి బ్యాటు బహూకరించారు.

ఆ పర్యటనలో గిలిగన్ చూసిన ఆట భారతదేశానికి టెస్టు హోదా తెచ్చే పనికి పునాది వేసింది. ఢిల్లీలో పటియాలా మహారాజు, గ్రాంట్ గోవన్, ఆంథొనీ డి మెల్లో ఆయనతో మంతనాలు జరిపారు. 1928 డిసెంబరులో క్రికెట్ బోర్డు ఏర్పడింది. నాలుగేళ్లకు మొదటి టెస్టు వచ్చింది.

నాయకుడు ఎవరు?

1932లో ఇంగ్లండుకు వెళ్లిన జట్టుకు నాయకుడిగా పోరుబందరు మహారాజును, ఉపనాయకుడిగా లింబ్డీ సంస్థానపు ఘనశ్యామ్‌సింహ్‌జీని నియమించారు. జట్టును నడిపేవాడు రాజవంశీయుడై ఉండాలన్నది అప్పటి తీరు. పోరుబందరు మహారాజుకు తన ఆట సంగతి తనకు తెలుసు. ఆడిన కొద్ది మ్యాచ్‌ల్లో ఆయన పరుగులు ఒక చేతి వేళ్లకు మించలేదు. హుందాగా పక్కకు తప్పుకున్నాడు. లింబ్డీ యువరాజు గాయపడ్డాడు. ఆ విధంగా జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారత జట్టును మొదటి టెస్టుకు నడిపించే పని వకీలు గారి అబ్బాయికి దక్కింది.

అది అందరికీ రుచించలేదు. మామూలు మనిషి కింద ఆడటానికి కొందరు ఆటగాళ్లు మొరాయించారనీ, తెల్లవారుజామున మహారాజు గది తలుపు తట్టారనీ, చివరికి గట్టి మందలింపు పడితే గాని దారికి రాలేదనీ క్రికెట్ చరిత్రకారులు రాశారు. నాయుడు కఠినుడు కూడా. ఆలస్యంగా వచ్చేవాణ్ని, ఫీల్డింగ్‌లో వంగనివాణ్ని ఆయన మన్నించేవాడు కాదు. రాజుగారు కసిరితే ప్రసాదం. సాటివాడు కసిరితే అవమానం. ఆ తేడాను ఆయన జీవితమంతా మోయవలసి వచ్చింది.

ఆ టెస్టు మొదటి ఉదయం అద్భుతంగా మొదలైంది. మన బౌలర్ నిస్సార్ ధాటికి సట్‌క్లిఫ్, హోమ్స్ ఇద్దరూ బౌల్డ్. వూలీ రనౌట్. ఇంగ్లండు 19 పరుగులకు మూడు వికెట్లు. వాళ్ల నాయకుడు జార్డీన్ నిలబడి తమ జట్టును 259కి చేర్చాడు. మనవాళ్లు 189 చేస్తే అందులో నాయుడివి 40, అదే జట్టులో అత్యధికం. చివరికి 158 పరుగుల తేడాతో ఓడాం. ఓటమి కన్నా ఎక్కువగా ఇంగ్లండు పత్రికలను ఆకర్షించింది మన బౌలింగ్, నాయకుడి హుందాతనం.

ఆ వేసవిలో నాయుడు ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌ల్లో 1,618 పరుగులు చేశాడు, 65 వికెట్లు తీశాడు. ఎడ్జ్‌బాస్టన్‌లో వార్విక్‌షైర్ మీద 162 కొట్టిన ఇన్నింగ్స్‌లో ఒక సిక్సరు పక్కనున్న రియా వాగు దాటిపోయింది. ఆనాటి లెక్కన వాగు అవతల వూస్టర్‌షైర్ అనీ, బంతి ఒక కౌంటీలో లేచి మరో కౌంటీలో దిగిందనీ చెబుతారు. మరుసటి ఏడాది విజ్డెన్ ఆయనను ఆ సంవత్సరపు అయిదుగురు మేటి ఆటగాళ్లలో ఒకడిగా ఎంచింది.

1933-34లో జార్డీన్ జట్టు ఇక్కడికి వచ్చినప్పుడు మూడు టెస్టులకూ నాయుడే నాయకుడు. బొంబాయిలో లాలా అమర్‌నాథ్ 118 పరుగులతో దేశానికి మొదటి టెస్టు శతకం ఇచ్చినప్పుడు అవతలి కొసన 67 పరుగులు చేసి నిలబెట్టినవాడు ఆయనే. 1934 ఫిబ్రవరిలో మద్రాసు చేపాక్‌లో మూడో టెస్టు. బళ్లారి, బందరు, విశాఖ అన్నీ అప్పుడు మద్రాసు రాజధాని కిందివే. మన రాజధానిలో ఆడిన మొదటి టెస్టుకు తెలుగు ఇంటి బిడ్డ నాయకుడు. ఆ మ్యాచ్‌లో 202 పరుగుల తేడాతో ఓడిపోయాం.

ఇద్దరు తెలుగువాళ్లు

1936 ఇంగ్లండు పర్యటనకు నాయకుడు మారాడు. కొత్త నాయకుడూ తెలుగు మూలాలవాడే. విజయనగరం పూసపాటి వంశానికి చెందిన విజయానంద గజపతిరాజు, లోకం పిలిచే పేరు విజ్జీ. క్రికెట్ మీద ఆయనకున్న ఇష్టం నిజం, పెట్టిన ఖర్చు నిజం. బ్యాటింగ్ మాత్రం అంతంతమాత్రం. మూడు టెస్టుల్లో కలిపి చేసినవి 33 పరుగులు. పర్యటన మధ్యలో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. మొదటి టెస్టుకు ముందే అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో ఇంటికి పంపేశారు.

జట్టు రెండు ముఠాలైంది. నాయుణ్ని అందరి ముందు అవమానించిన ఆటగాడికి బహుమానంగా టెస్టులో చోటు దొరికిందని ఆనాటి కథనం. తరువాత బొంబాయి ప్రధాన న్యాయమూర్తి బ్యూమాంట్ అధ్యక్షతన విచారణ జరిగింది. విజ్జీ నాయకత్వాన్ని ఆ సంఘం తప్పుపట్టింది. నాయుడు జట్టుతో కలవకుండా ఎడంగా ఉన్నాడనీ, నాయకుడికి సహకరించలేదనీ కూడా రాసింది. ఆ మాటను మనం దాటవేయకూడదు. తనకన్నా తక్కువ ఆట తెలిసినవాడి కింద పనిచేయడం ఆయనకు చేతకాలేదు.

ఆగస్టులో ఓవల్ మైదానంలో చివరి టెస్టు. గబ్బీ అలెన్ వేసిన బంతి కడుపు మీద బలంగా తగిలింది. నాయుడు నిలదొక్కుకుని ఆట సాగించి 81 పరుగులు చేశాడు. టెస్టుల్లో ఆయన అత్యధిక స్కోరు అదే, ఆఖరి టెస్టు కూడా అదే. మొత్తం ఏడు టెస్టులు, 350 పరుగులు. మొదటి టెస్టు ఆడేనాటికే ముప్పై ఆరు దాటాయి. అంతర్జాతీయ పట్టికలో ఆయన పేరు చిన్నదిగా కనబడటానికి కారణం వయసు, కాలం.

యుద్ధం వచ్చినప్పుడు

1939లో నిజమైన యుద్ధం వచ్చింది. ఆటగాడు సైనికుడు కావడమంటే ఏమిటో ఐరోపాలో చూడాలి. పోలండు తాత్రా కొండల్లోని జాకొపానె ఊరివాడు బ్రోనిస్వాఫ్ చెఖ్. 1928, 1932, 1936 మూడు శీతాకాల ఒలింపిక్స్‌లోనూ మంచు మీద స్కీలు కట్టి పోటీపడ్డాడు. జర్మన్లు దేశాన్ని ఆక్రమించాక ఆ విద్యే రహస్య దళాలకు పనికొచ్చింది. కొండలు దాటి రహస్య సమాచారం మోసే దూతగా పనిచేశాడు. 1940లో పట్టుబడి, ఆష్విట్జ్‌కు పంపిన మొట్టమొదటి పోలిష్ ఖైదీల రైలులో వెళ్లాడు. 1944 జూన్‌లో అక్కడే చనిపోయాడు. అదే ఊరివాడు స్తానిస్వాఫ్ మరుసాష్, 1938 ప్రపంచ పోటీల్లో స్కీ జంప్‌లో రజతం గెలిచినవాడు. మరణశిక్ష పడ్డాక క్రాకొవ్ చెరసాల నుంచి తప్పించుకుని బయటపడ్డాడు. అక్కడ ఆట సైనికుణ్ని తయారు చేసింది. ఇక్కడ సైన్యం ఆటగాడికి అన్నం పెట్టింది.

ఆ పోలండు మన సంస్థానాల దాకా వచ్చింది. 1942లో సోవియట్ దేశం నుంచి బయటపడ్డ పోలిష్ అనాథ బిడ్డలకు నవానగర్ జామ్ సాహెబ్ దిగ్విజయ్‌సింహ్‌జీ బాలాచడిలో ఆశ్రయం ఇచ్చాడు. ఆయన రంజీ సాహెబ్ సోదరుడి కొడుకు, స్వయంగా క్రికెటర్, సైన్యంలో పనిచేసినవాడు, క్రికెట్ బోర్డుకు అధ్యక్షుడిగా ఉన్నవాడు. వార్సా నగరంలో ఈనాటికీ ఆయన పేరిట ఒక కూడలి ఉంది. సంస్థానాల క్రికెట్‌ను వృథా విలాసంగా కొట్టిపారేసే ముందు ఈ సంగతి కూడా లెక్కలో వేసుకోవాలి. బళ్లారికి యుద్ధం మరో రూపంలో పరిచయం. మొదటి ప్రపంచ యుద్ధంలో పట్టుబడ్డ తుర్కీ సైనికులను ఈ ఊళ్లోనే బంధించి ఉంచారు.

ఇండోర్‌లో యుద్ధకాలం క్రికెట్‌కు కలిసొచ్చింది. పక్కనున్న మౌ కంటోన్మెంటులో ఇంగ్లండు బ్యాట్స్‌మన్ డెనిస్ కాంప్టన్ సైనికోద్యోగంలో ఉన్నాడు. నాయుడు అతణ్ని హోల్కర్ జట్టులో ఆడించాడు. 1944-45 రంజీ ఫైనల్లో బొంబాయి మీద గెలవాలంటే హోల్కర్‌కు చివరి ఇన్నింగ్స్‌లో 867 పరుగులు కావాలి. కాంప్టన్ అజేయంగా 249 చేశాడు. జట్టు 492కి ఆలౌటై 374 పరుగుల తేడాతో ఓడింది. ఓడిన జట్టు నాలుగో ఇన్నింగ్స్‌లో 492 చేయడం సామాన్యమా?

మరుసటి సంవత్సరం హోల్కర్ బాకీ తీర్చుకుంది, మైసూరు ఖాతాలో. సెమీఫైనల్లో మైసూరు మీద 8 వికెట్లకు 912 పరుగులు చేసి డిక్లేర్ చేసింది. ఒకే ఇన్నింగ్స్‌లో ఆరుగురు శతకాలు కొట్టారు. భండార్కర్, సర్వాతే, జగ్దాలే, నింబాల్కర్, ప్రతాప్‌సింగ్, ఆరోవాడు యాభై ఏళ్ల నాయకుడు. ఫైనల్లో బరోడా మీద నాయుడు 200 చేశాడు, హోల్కర్ మొదటిసారి రంజీ ట్రోఫీ గెలిచింది. 1947-48, 1950-51, 1952-53లలో మళ్లీ గెలిచింది. నాలుగు విజయాలకూ నాయకుడు ఆయనే.

సైన్యం పోయింది, కల్నల్ మిగిలాడు

1948లో ఇండోర్ సంస్థానం మధ్యభారత్‌లో కలిసిపోయింది. హోల్కర్ పతాకం దిగిపోయింది. హోదా ఇచ్చిన రాజ్యమే లేదు. జనం మాత్రం ఆయన్ను కల్నల్ అనడం మానలేదు. అప్పటికి ఆ పిలుపు మహారాజు ముద్రతో నడిచేది కాదు.

1951-52 ఫైనల్లో జరిగింది చూడండి. బొంబాయి ఫాస్ట్ బౌలర్ దత్తూ ఫడ్కర్ వేసిన బంతి నాయుడి నోటికి తగిలి పళ్లు ఊడాయి. ఆటగాళ్లు పరుగున వచ్చారు. పిచ్ మీద పడ్డ పళ్లను బ్యాటుతో పక్కకు తోసి, ఆట కానివ్వమన్నాడని చూసినవాళ్లు చెప్పారు. వయసు యాభై ఆరు. అర్ధశతకం దాటేదాకా ఆడాడు. శిరస్త్రాణాలు లేని కాలం అది. యుద్ధరంగం చూడని కల్నల్‌కు జనం సైనికుడి మర్యాద ఇచ్చింది ఇందుకే.

ఆ తరువాతే 1953-54 ఆంధ్ర నాయకత్వం. తాతముత్తాతలు వదిలి వెళ్లిన నేల కొత్తగా రాష్ట్రమై, జట్టు పెట్టుకుని, అనుభవమున్న చేయి కోసం చూస్తున్నప్పుడు ఆయన వచ్చాడు. పిల్ల జట్టుకు నడక నేర్పి ఒక సీజన్ తరువాత వెళ్లిపోయాడు. 1956లో కేంద్ర ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. ఆ ఏడాది సీజన్లో ఉత్తరప్రదేశ్ తరఫున రాజస్థాన్ మీద 84 పరుగులు చేశాడు, వినూ మన్కడ్ బౌలింగ్‌లో రెండు సిక్సర్లు కొట్టాడు. అరవై దాటిన వయసులో. 1963-64లో నాగపూరులో జరిగిన ఒక సహాయ నిధి మ్యాచ్‌తో ఫస్ట్ క్లాస్ క్రికెట్‌కు స్వస్తి చెప్పాడు. 207 మ్యాచ్‌లు, 11,825 పరుగులు, 411 వికెట్లు. మొదటి మ్యాచ్‌కూ చివరి మ్యాచ్‌కూ మధ్య నలభై ఏడేళ్లు.

ఈనాటి క్రికెటర్లకు ప్రకటనల ఆదాయం ఎంతో మనకు తెలుసు. 1941లో బాత్‌గేట్ లివర్ టానిక్ ప్రకటనకు బొమ్మ ఇచ్చిన నాయుణ్ని ఆ దారిలో నడిచిన మొదటి భారతీయ క్రికెటర్‌గా చెబుతారు. ఆయన కూతురు చంద్రా నాయుడు ఇంగ్లీషులో వ్యాఖ్యానం చెప్పిన తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతల్లో ఒకరు, తండ్రి జీవితాన్ని పుస్తకంగానూ రాశారు. 1967 నవంబరు 14న నాయుడు ఇండోర్‌లో కన్నుమూశాడు. క్రికెట్ బోర్డు జీవిత సాఫల్య పురస్కారం ఇప్పుడు ఆయన పేరనే ఉంది. కుర్రవాళ్ల జాతీయ పోటీకీ ఆయన పేరే.

ఎవరివాడు?

నాగపూరు వాళ్లు మావాడంటారు, పుట్టాడు గనుక. ఇండోర్ వాళ్లు మావాడంటారు, జీవితం అక్కడే గడిపాడు గనుక. మనం తెలుగువాడంటాం, ఇంటిపేరూ వంశమూ చూసుకుని. మూడూ సరైన మాటలే. తాడిపత్రిలో పుట్టిన రాఘవాచార్యులు బళ్లారి రాఘవగా తెలుగు, కన్నడ నాటకరంగాలు రెంటికీ చెందినట్టే నాయుడూ ఒక్క ఊరికి పరిమితం కాడు. మనవాడని చెప్పుకునేటప్పుడు తూకం తప్పకూడదు. ఆంధ్రకు ఆయన ఇచ్చింది ఒక్క సీజన్, హోల్కర్‌కు ఇచ్చింది మూడు దశాబ్దాలు. ఆయన్ను మలచింది తెలుగు నేల కాదు, నాగపూరు మైదానాలు, ఇండోర్ ఆశ్రయం.

హోదా విషయంలోనూ తీర్పు స్పష్టమే. కల్నల్ పదవి మహారాజు దయ. ఆటగాడికి వేరే జీతం లేని రోజుల్లో దొరికిన బతుకుతెరువు. నాయకత్వం మాత్రం ఎవరి దయా కాదు. రాజవంశీయులకే జట్టు పగ్గాలు ఇచ్చే కాలంలో ఒక వకీలు కొడుకు ఆటతో, క్రమశిక్షణతో దాన్ని సంపాదించుకున్నాడు. అందుకే అతణ్ని నియమించిన రాజ్యం పోయినా, అతని కింద ఆడటానికి నామోషీ పడ్డవాళ్ల పేర్లు మరుగునపడినా, దేశపు మొదటి టెస్టు నాయకుడిగా నాయుడు నిలిచాడు.

బళ్లారి, రాయదుర్గం, ఆదోని మైదానాల్లో ఈ సెలవుల్లో బ్యాటు పట్టే పిల్లలకు ఈ కథ చెప్పండి. కన్నడంలో చెప్పినా, తెలుగులో చెప్పినా ఫరవాలేదు.